44 కోట్ల ఏళ్ల నక్షత్రం చుట్టూ ధూళి ఇంకా ఎలా ఉంది? ఫోమల్‌హాట్, ప్లానెటెసిమల్ బెల్టులపై చర్చ

రేవతి_22
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. ప్రాజెక్టుకు డెబ్రిస్ డిస్కుల (నక్షత్రాల చుట్టూ తిరిగే శిథిల ధూళి పళ్లేల) అంశం తీసుకోవాలని ఉంది. చదువుతున్న కొద్దీ ఒక చిక్కు నన్ను వదలడం లేదు. ఫోమల్‌హాట్ మనకు 25 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వయసు సుమారు 44 కోట్ల ఏళ్లు. దాని చుట్టూ, భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరానికి దాదాపు 140 రెట్ల దూరంలో, సన్నని ధూళి వలయం ఉంది. నక్షత్రం పుట్టినప్పుడు చుట్టూ ఉండే వాయువు, ధూళి సాధారణంగా కోటి ఏళ్లలోపే చెదిరిపోతాయని పుస్తకాలన్నీ చెబుతున్నాయి. మరి ఈ వలయం ఎక్కడి నుంచి వచ్చినట్టు? పుట్టుకనాటి మిగులే అనుకోవాలా?

ధూళికణం
రేవతి గారూ, మిగులు కాదండీ. మీరు చూస్తున్న ధూళి దాదాపు అంతా ఆ తర్వాత తయారైనదే, ఇప్పటికీ తయారవుతున్నదే. ఈ రంగంలో నా పీహెచ్‌డీ మొదలైనప్పటి నుంచి నన్ను పట్టి ఉంచిన సంగతి ఇదే కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను.

1983లో ఐరాస్ అనే పరారుణ ఉపగ్రహం ఆకాశాన్ని జల్లెడ పట్టింది. పరికరాల కొలతలు సరిచూసుకోవడానికి నమ్మకమైన నక్షత్రమని అభిజిత్తును, అంటే వేగాను, ఎంచుకున్నారు. 60 మైక్రాన్ల దగ్గర అది ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువగా వెలుగుతోంది. నక్షత్రం చుట్టూ ఉన్న చల్లని ధూళి దాని కాంతిని పీల్చి, పరారుణంలో తిరిగి వెదజల్లుతోందన్నమాట. ఆ వెంటనే ఫోమల్‌హాట్, బీటా పిక్టోరిస్, ఎప్సిలాన్ ఎరిడానీల దగ్గరా అదే కనిపించింది. 1984లో చిలీలోని లాస్ కంపానస్ నుంచి స్మిత్, టెరిల్ బీటా పిక్టోరిస్ డిస్కును నేరుగా ఫొటో తీశారు.

ఇక ఆ ధూళి ఎందుకు నిలవదో చూద్దాం. నక్షత్రపు వెలుగు ప్రతి రేణువునూ బయటికి నెడుతుంది. ఆ నెట్టుడు బలాన్ని గురుత్వాకర్షణతో భాగిస్తే వచ్చే సంఖ్యను బీటా అంటాం. రెండూ దూరపు వర్గానికి విలోమంగానే తగ్గుతాయి కాబట్టి, ఎంత దూరంలో ఉన్నా ఒక రేణువుకు బీటా మారదు. అది పరిమాణం మీదే ఆధారపడుతుంది: రేణువు చిన్నదైతే బీటా పెద్దది. వృత్తాకార కక్ష్యలో తిరుగుతున్న పెద్ద రాయి పగిలి ఒక రేణువు విడిపడిందనుకోండి. దానికి ఆ రాయి వేగమే ఉంటుంది. కానీ దాన్ని పట్టి ఉంచే ఆకర్షణ మాత్రం ఒకటిలోంచి బీటా తీసివేసినంతకు పడిపోయింది. తప్పించుకునే వేగం లెక్క వేస్తే, బీటా సగం దాటగానే ఆ రేణువు ఇక తిరిగి రాదు. ఒకటి దాటనక్కర లేదు, సగం చాలు. పగిలిన క్షణంలోనే దాని దారి తేలిపోతుంది.

ఫోమల్‌హాట్ ప్రకాశం సూర్యుడికి 16 రెట్ల పైచిలుకు, ద్రవ్యరాశి రెండు రెట్లకు కొంచెం తక్కువ. మామూలు రాతి సాంద్రతతో లెక్కిస్తే సుమారు 4 మైక్రాన్ల కన్నా చిన్న రేణువులన్నీ బయటికి ఎగిరిపోతాయి. అంతకన్నా కాస్త పెద్దవి పోయింటింగ్-రాబర్ట్‌సన్ ప్రభావం వల్ల, అంటే వెలుగును పీల్చి వెదజల్లుతూ కక్ష్య వేగం కోల్పోవడం వల్ల, మెల్లగా నక్షత్రం వైపు జారతాయి. కట్టుబడి ఉండగల రేణువుల్లో అతి చిన్నవాటికి 140 రెట్ల దూరం నుంచి ఆ ప్రయాణం 80 లక్షల ఏళ్లే. వలయం దట్టంగా ఉంటే ఆ జారుడు పూర్తయ్యేలోపే ఒకదానికొకటి తగిలి ఇంకా చిన్నవై ఎగిరిపోతాయి. ఏ లెక్కన చూసినా 44 కోట్ల ఏళ్లు నిలిచే ధూళి కాదది. ఎవరో నిత్యం సరఫరా చేస్తూ ఉండాలి. ఆ సరఫరాదారులే ప్లానెటెసిమల్స్: గ్రహాలు కాలేకపోయిన, కిలోమీటర్ల నుంచి వందల కిలోమీటర్ల దాకా ఉండే రాతి, మంచు ముద్దలు. వాటిలో ఒక్కదాన్నీ మనం విడిగా చూడలేం. అవి ఢీకొన్నప్పుడు లేచే ధూళినే చూస్తాం.

దక్షిణాకాశం
కొత్తవాళ్ల కోసం: ఫోమల్‌హాట్‌ను కంటితోనే చూడవచ్చు. అక్టోబరు మూడో వారంలో రాత్రి తొమ్మిది గంటలకు తెలుగు ప్రాంతాల నుంచి దక్షిణం వైపు చూడండి. దిగంతానికీ నడినెత్తికీ దాదాపు మధ్యలో, చుట్టుపక్కల పోటీ లేకుండా ఒంటరిగా మెరుస్తూ ఉంటుంది. వలయం మాత్రం పెరటి టెలిస్కోపులకు అందదు.

నాదొక ప్రశ్న. 2008లో ఫోమల్‌హాట్ బి అనే గ్రహం దొరికిందని పత్రికలన్నీ రాశాయి. తర్వాత అది లేదన్నారు. గ్రహం మాయమవడం ఏమిటి?

ధూళికణం
ఆ కథ మన చర్చకు నడిబొడ్డున ఉంది. హబుల్ చిత్రాల్లో వలయం లోపలి అంచు దగ్గర ఒక చుక్క కదులుతూ కనిపించింది. పాల్ కలాస్ బృందం 2008లో దాన్ని గ్రహంగా ప్రకటించింది. మామూలు కాంతిలో బాగానే కనిపించింది కానీ పరారుణంలో ఎంత వెదికినా జాడ లేదు. వేడిగా ఉండాల్సిన యువ గ్రహానికి అది పొసగదు. చుక్క క్రమంగా వెడల్పయింది, మసకబారింది, 2014 నాటికి కనిపించకుండా పోయింది. 2020లో గాస్పర్, రీకే ఆ చిత్రాలన్నిటినీ కలిపి చూసి, అది గ్రహం కాదు, రెండు పెద్ద ముద్దలు ఢీకొన్నప్పుడు లేచి విస్తరిస్తున్న ధూళి మేఘమని చూపించారు. అంతటితో ఆగలేదు. 2023లో హబుల్ తీసిన చిత్రంలో అదే వలయం దగ్గర మరో కొత్త చుక్క కనిపించింది. 2025 డిసెంబరులో కలాస్ బృందమే దాన్ని రెండో ఢీగా ప్రకటించింది. ఢీకొన్నవి 60 కిలోమీటర్ల స్థాయివని వారి అంచనా.

నా ఉద్దేశంలో గ్రహం దొరకడం కన్నా ఇది పెద్ద సంగతి. గ్రహాలు వేలల్లో దొరికాయి. మరో నక్షత్రం దగ్గర రెండు ప్లానెటెసిమల్స్ గుద్దుకున్న ఆనవాలు, అదీ ఒకే వ్యవస్థలో రెండుసార్లు, మన జీవితకాలంలో పట్టుబడటం మామూలు విషయం కాదు.

రాయిరప్ప
నేను భూగర్భశాస్త్రం చెప్పే అధ్యాపకుణ్ణి. రాళ్లు పగలడం మా రోజువారీ విషయం కాబట్టి అడుగుతున్నాను. సరఫరాదారులు కనిపించరంటున్నారు. మరి వాటి పరిమాణం, మొత్తం బరువు ఎలా చెబుతున్నారు? ధూళిని చూసి కొండ ఎత్తు చెప్పినట్టుంది.

ధూళికణం
సరైన చోట వేలు పెట్టారు. 1969లో దోనాన్యీ అనే శాస్త్రవేత్త గ్రహశకలాల గురించి ఒక లెక్క కట్టాడు. పెద్దవి పగిలి మధ్యరకం, అవి పగిలి చిన్నవి, ఇలా గొలుసుగా సాగుతూ ప్రతి మెట్టులో వచ్చే పదార్థం, పోయే పదార్థం సమానమైతే, రేణువుల సంఖ్య పరిమాణానికి మైనస్ 3.5 ఘాతంగా ఉంటుంది. దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. మొత్తం ఉపరితల వైశాల్యం చిన్న రేణువుల దగ్గర పోగుపడుతుంది, మొత్తం ద్రవ్యరాశి పెద్ద ముద్దల దగ్గర ఉండిపోతుంది. కాంతి వైశాల్యాన్ని బట్టి వస్తుంది. అందుకే కనిపించేదానికీ బరువున్నదానికీ సంబంధం తెగిపోయింది. మధ్యలో వంతెన ఆ ఘాతమే.

కక్ష్యకారుడు
నేను డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. సాయంత్రాలు కక్ష్యల సిమ్యులేషన్లు రాస్తుంటాను. ఆ వంతెన మీద నడిచి చూశాను, దిగ్భ్రాంతి కలిగింది. చిలీలోని ఆల్మా అనే రేడియో టెలిస్కోపుల సముదాయం కొలతల ప్రకారం ఫోమల్‌హాట్ వలయంలో మిల్లీమీటరు స్థాయి దాకా ఉన్న ధూళి భూమి ద్రవ్యరాశిలో సుమారు 0.015 వంతు. ఘాతం 3.5 అయితే మొత్తం ద్రవ్యరాశి గరిష్ఠ పరిమాణపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. మిల్లీమీటరు నుంచి 100 కిలోమీటర్లకు వెళితే పరిమాణం పది కోట్ల రెట్లు, వర్గమూలం పది వేలు. అంటే 150 భూములంత పదార్థం! నక్షత్రం పుట్టినప్పుడు చుట్టూ ఉన్న మొత్తం ఘన పదార్థమే అంత ఉంటుందా అన్నది సందేహం కదా?

ధూళికణం
అభినందనలు. మీరు చేరుకున్నది ఈ రంగంలో ఇంకా తెగని ముడి దగ్గరికి. దీన్నే డెబ్రిస్ డిస్కుల ద్రవ్యరాశి సమస్య అంటారు. పెద్ద ముద్దలకు ఘాతం కాస్త వేరుగా ఉంటుంది కాబట్టి మీ 150 అటూ ఇటూ మారుతుంది. అయినా ప్రకాశవంతమైన డిస్కులు చాలావాటికి వందల నుంచి వేల భూములు కావలసి వస్తోంది. యువ నక్షత్రాల డిస్కుల్లో అంత ఘన పదార్థం ఉండే అవకాశం లేదు.

2021లో క్రివోవ్, వైయట్ ఒక దారి చూపారు. బెల్టుల్లో ముద్దలు 100 కిలోమీటర్ల దాకా లేవేమో, కొన్ని కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయాయేమో అన్నారు. గరిష్ఠ పరిమాణాన్ని ఒక కిలోమీటరుకు దించండి, వర్గమూలం వేయి అవుతుంది. మీ 150 భూములు 15 అవుతాయి.

రాయిరప్ప
అది వినడానికి తేలికగా ఉంది, కానీ నాకు మింగుడుపడటం లేదు. నెప్ట్యూన్ అవతల ఉన్న మన కైపర్ బెల్టులో ప్లూటో ఉంది, వందల కిలోమీటర్ల ముద్దలు బోలెడు ఉన్నాయి. సమీకరణం కుదరాలని ప్రకృతిలో పెద్ద రాళ్లను తీసెయ్యడం పద్ధతేనా? అసలు ముద్దలు ఎలా పుడతాయన్న దగ్గరి నుంచి రావాలి కదా.

ధూళికణం
అక్కడి నుంచే వస్తాను. ధూళి రేణువులు ఒకదానికొకటి అంటుకుని మిల్లీమీటర్లు, సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. ఆ తర్వాత అంటుకోవు, ఢీకొంటే ఎగిరిపడతాయి లేదా పగులుతాయి. మీటరు పరిమాణానికి వస్తే ఇంకో గండం. వాయువు తన ఒత్తిడి వల్ల రాళ్లకన్నా కాస్త నెమ్మదిగా తిరుగుతుంది, కాబట్టి రాళ్లకు ఎప్పుడూ ఎదురుగాలే. భూమి ఉన్నంత దూరంలో మీటరు రాయి ఆ గాలికి వేగం కోల్పోయి వంద ఏళ్ల వ్యవధిలోనే నక్షత్రంలో పడిపోతుంది.

2005లో యూడిన్, గుడ్‌మన్ దీనికి ఉపాయాన్ని ఆ గాలిలోనే కనుగొన్నారు. ఎదురుగాలిలో కొంగల బారు ఎగిరినట్టు, గులకలు గుంపుగా ఉన్నచోట గాలి ధాటి తగ్గుతుంది. అక్కడి గులకలు నెమ్మదిగా జారతాయి, వెనకనుంచి వచ్చేవి వచ్చి కలుస్తాయి. గుంపు పెరుగుతుంది, పెరిగిన కొద్దీ ఇంకా పెరుగుతుంది. చివరికి తన సొంత గురుత్వాకర్షణతో కుప్పకూలి ఒక్కసారిగా ముద్ద అవుతుంది. దీన్ని స్ట్రీమింగ్ ఇన్‌స్టబిలిటీ అంటారు. 2007లో యోహాన్సెన్ బృందం సిమ్యులేషన్లలో ఇలాంటి కుప్పకూలడాన్ని చూపింది. అయితే ఆ తర్వాతి సిమ్యులేషన్లలో పుట్టే ముద్దలు ఎక్కువగా వంద కిలోమీటర్ల స్థాయిలో ఉంటున్నాయి. రాయిరప్ప గారి అభ్యంతరానికి బలం అదే.

దక్షిణాకాశం
కైపర్ బెల్టులోని అరోకోత్ అనే చిన్న ముద్ద ఇందులో ఎక్కడ సరిపోతుంది? 2019 జనవరి 1న న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక దాని పక్కనుంచి వెళ్లినప్పుడు వచ్చిన చిత్రాలు రాత్రంతా చూస్తూ కూర్చున్నాను.

ధూళికణం
చక్కగా సరిపోతుంది. సుమారు 35 కిలోమీటర్ల పొడవున్న అరోకోత్ రెండు తమ్మెల ముద్ద. ఆ రెండూ మనిషి నడక వేగంతో వచ్చి తాకినంత మెల్లగా అతుక్కున్నాయి. మెడ దగ్గర నలిగిన గుర్తులు లేవు. ఒకే గులకల మేఘం కుప్పకూలుతూ రెండు ముద్దలుగా ఏర్పడి, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ కలిసిపోయాయనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు కనబడదు. ఇంకో సంగతి: ప్లూటో, దాని ఉపగ్రహం షారాన్ మీద చిన్న బిలాలు ఊహించినదానికన్నా చాలా తక్కువ. అంటే కైపర్ బెల్టులో ఒకటి రెండు కిలోమీటర్ల కన్నా చిన్న ముద్దలు తక్కువన్నమాట. క్రివోవ్, వైయట్ అడుగుతున్నదానికి ఇది ఎదురు సాక్ష్యం.

నా మాట అడిగితే, రెండూ నిజం కావచ్చు. మన బెల్టు ఇప్పుడు దాదాపు ఖాళీ: మొత్తం కలిపినా భూమి ద్రవ్యరాశిలో పదో వంతుకు రాదు. మన కైపర్ బెల్టు ఫోమల్‌హాట్ దూరంలో ఉంటే నేటి పరికరాలతో కనిపించనే కనిపించదు. నెప్ట్యూన్ బయటికి జరుగుతూ దాన్ని చెల్లాచెదురు చేసిందన్నది నీస్ నమూనా. తొలినాళ్ల బెల్టులో 20 నుంచి 30 భూములంత పదార్థం ఉండేదని ఆ నమూనా అంటుంది. గ్రహాలు కల్లోలం చేసిన ఒక బెల్టును కొలబద్దగా పట్టుకుని వలయాలన్నిటినీ కొలవకూడదు.

రాయిరప్ప
ఒప్పుకుంటాను, సగం వరకు. మన బెల్టు ప్రత్యేకమని చెప్పడానికీ ఆధారం చూపాలి. కానీ ఫోమల్‌హాట్‌లో ఢీకొన్నవి 60 కిలోమీటర్లవని మీరే చెప్పారు. అక్కడ ముద్దలు కొన్ని కిలోమీటర్ల దగ్గర ఆగలేదనడానికి అది చాలదా?

ధూళికణం
చాలా గట్టి ప్రశ్న. 60 అన్న సంఖ్య మేఘం ప్రకాశం నుంచి వెనక్కి లెక్క కట్టినది, అందులో ఊహలు ఉన్నాయి. అయినా అది సగానికి సగం తప్పైనా కొన్ని కిలోమీటర్లకు దిగదు. కొన్ని పెద్ద ముద్దలు ఉండి, మొత్తం బరువు మాత్రం చిన్నవాటిలోనే ఉండే పంపిణీలు సాధ్యమే. క్రివోవ్, వైయట్ వాదన నిలవాలంటే అలాంటిదేదో కావాలి. ఈ రెండు మేఘాల వల్ల ఆ వాదనకు ఇబ్బంది పెరిగిందనే నేను అనుకుంటున్నాను.

కక్ష్యకారుడు
వలయాల్లో ఖాళీలు కనిపిస్తే గ్రహం ఉన్నట్టేనా? సిమ్యులేషన్లో గ్రహం పెడితే ఖాళీ తప్పకుండా వస్తోంది.

ధూళికణం
గ్రహం పెడితే ఖాళీ వస్తుంది. ఖాళీ ఉంటే గ్రహం ఉందనలేం. ఈ తొందర ఈ రంగానికి బాగా చెరుపు చేసింది. ఫోమల్‌హాట్, వేగా రెండూ 25 కాంతి సంవత్సరాల్లోనే ఉన్నాయి. వయసు, ద్రవ్యరాశి దగ్గరదగ్గరే. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫోమల్‌హాట్‌ను చూస్తే బయటి వలయానికి లోపల మరో రెండు బెల్టులు, మధ్యలో ఖాళీలు కనిపించాయి. 2024లో వేగాను చూస్తే నున్నని పళ్లెం, చిన్న తగ్గుదల తప్ప చెప్పుకోదగ్గ ఖాళీయే లేదు. పెద్ద గ్రహం ఉంటే అంత నున్నగా ఉండదు. ఇలాంటి రెండు నక్షత్రాలు ఇంత వేరు కుటుంబాలను ఎలా పెంచాయో ఎవరికీ తెలియదు. ఇది నిజంగా మంచి ప్రశ్న.

పైగా బెల్టులు పుట్టుకతోనే వలయాలై ఉండవచ్చు. 2014లో ఆల్మా తీసిన హెచ్‌ఎల్ టౌ చిత్రం చూడండి, సుమారు పది లక్షల ఏళ్ల పసి నక్షత్రం చుట్టూ ఎన్ని వలయాలో. వాయువు ఒత్తిడి ఎక్కువున్న చోట గులకలు చిక్కుకుపోతాయి, అక్కడే ముద్దలవుతాయి. వాయువు వెళ్లిపోయాక ఆ వలయమే బెల్టుగా మిగులుతుంది. ఆల్మా, ఎస్‌ఎంఏ (హవాయిలోని మరో రేడియో టెలిస్కోపుల సముదాయం) కలిపి 74 నక్షత్రాల బెల్టులను స్పష్టంగా చిత్రించిన రీజన్స్ సర్వే 2025లో వచ్చింది. అందులో సన్నని వలయాల కన్నా వెడల్పాటి పళ్లేలే ఎక్కువ. ఫోమల్‌హాట్ అందమైనది కావడం వల్ల మన మనసుల్లో నమూనాగా నిలిచిపోయింది గానీ, అది సగటు బెల్టు కాదు.

దక్షిణాకాశం
ఇంకో విచిత్రం నేనూ జోడిస్తాను. టీవైసీ 8241 2652 అనే సూర్యుడి వంటి యువ నక్షత్రం చుట్టూ ఉన్న వెచ్చని ధూళి 1983లో ఐరాస్‌కు కనిపించింది, 2008లోనూ ఉంది. 2010 నాటికి దాదాపు పూర్తిగా పోయింది. రెండేళ్లలో! నేను దీని గురించి చదివాక ఆకాశం మారదన్న మాట నోట రాలేదు.

రేవతి_22
ధూళికణం గారూ, బీటా పిక్టోరిస్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ వాయువు కూడా ఉందని చదివాను. పుట్టుకనాటి వాయువు కోటి ఏళ్లలోపే పోతే, రెండు కోట్ల ఏళ్ల నక్షత్రం దగ్గర ఇదెలా?

ధూళికణం
సమాధానం మీ మొదటి ప్రశ్నకు వచ్చినదే. అతినీలలోహిత కాంతి ఆ వాయువు అణువులను అక్కడ వంద ఏళ్ల స్థాయిలో విడగొట్టేస్తుంది. కాబట్టి అదీ ఇప్పుడే పుడుతోంది: మంచు ముద్దలు ఢీకొన్నప్పుడు వాటిలోంచి విడుదలవుతోంది. 2014లో ఆల్మా ఆ వాయువు డిస్కుకు ఒకవైపు గుమిగూడి ఉందని చూపింది. వాయువును కొలిస్తే ఆ ముద్దల మంచు ఏ పదార్థంతో తయారైందో తెలుస్తుంది. అయితే 49 సెటి వంటి కొన్ని నక్షత్రాల దగ్గర వాయువు మరీ ఎక్కువ. అది తాజాదా, పాతదా అన్న వాదన నడుస్తూనే ఉంది.

రేవతి_22
ఇప్పుడు ప్రాజెక్టు సంగతి. నాకు టెలిస్కోపు సమయం దొరకదు, సూపర్ కంప్యూటరూ లేదు. నక్షత్రాల వర్ణపటంలో పరారుణ మిగులు చూసి వలయం దూరం కట్టడం సులువుగా ఉంటుందా?

ధూళికణం
సులువే, కానీ వద్దు. ఉష్ణోగ్రతను బట్టి దూరం చెబితే తప్పుతుంది. చిన్న రేణువులు తాము పీల్చినంత సమర్థంగా వేడిని వెదజల్లలేవు, అందుకే ఉండాల్సిన దానికన్నా వేడిగా ఉంటాయి. మీ లెక్కలో వలయం నిజమైన చోటుకన్నా నక్షత్రానికి బాగా దగ్గరగా వస్తుంది. చిత్రాలతో పని చేయండి. ఆల్మా పరిశీలనలు సాధారణంగా ఏడాది తర్వాత అందరికీ తెరుస్తారు. మిల్లీమీటరు రేణువులను వెలుగు నెట్టలేదు, కాబట్టి ఆల్మా చిత్రం ముద్దలు ఉన్న చోటును ఉన్నట్టు చూపుతుంది. కక్ష్యలకు రీబౌండ్ అనే ఉచిత ప్రోగ్రామ్ మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది.

కక్ష్యకారుడు
రీబౌండ్ మొదలుపెట్టడంలో సాయం కావాలంటే నేనున్నాను. ఉద్యోగం చేసుకుంటూ పాల్గొనాలనుకునేవాళ్లకు డిస్క్ డిటెక్టివ్ ఉంది, 2014లో మొదలైన పౌర శాస్త్ర ప్రాజెక్టు. వైజ్ అనే పరారుణ ఉపగ్రహం చిత్రాలు చూసి డిస్కులను వేరు చేయాలి. సుమారు నాలుగున్నర కోట్ల ఏళ్ల వయసులోనూ వాయువును వదులుకోని ఒక ఎర్రని చిన్న నక్షత్రం అలా చూసినవాళ్ల వల్లే వెలుగులోకి వచ్చింది.

రేవతి_22
అయితే ఫోమల్‌హాట్ వలయం లోపలి అంచును తీసుకుంటాను. ఆ అంచును చెక్కిన గ్రహం ఉంటే, దాని ద్రవ్యరాశి, దూరం ఎంత ఉండవచ్చో లెక్క కడతాను. సరేనా?

ధూళికణం
సరే. దారి చెబుతాను. గ్రహం తన కక్ష్యకు ఇరుపక్కలా కొంత మేర రాళ్లను నిలవనివ్వదు. ఆ మేర, గ్రహానికీ నక్షత్రానికీ ద్రవ్యరాశి నిష్పత్తి తీసుకుని దాన్ని ఏడింట రెండో ఘాతానికి హెచ్చించి, 1.3తోనూ కక్ష్య దూరంతోనూ గుణిస్తే వస్తుంది. అంచు భూమి-సూర్యుల దూరానికి 130 రెట్ల దగ్గర ఉందనుకోండి. గురుగ్రహమంత గ్రహమైతే అది 113 దగ్గర ఉండాలి. నెప్ట్యూనంత అయితే 122 దగ్గర. రెండూ అదే అంచును చెక్కుతాయి, కాబట్టి ఒక్క అంచు చూసి తేల్చలేరు. రెండో కొలత కావాలి. చిన్న గ్రహానికి ఆ చోటు ఖాళీ చేయడానికి ఎక్కువ కాలం పడుతుంది, కాబట్టి 44 కోట్ల ఏళ్లలో ఏ గ్రహం పని పూర్తి చేయగలదో రీబౌండ్‌లో చూడండి. వలయం దగ్గర కక్ష్య ఒక్కటికే దాదాపు 1200 ఏళ్లు, మొత్తం నడపడానికి ల్యాప్‌టాప్‌కు చాలా సమయం పట్టవచ్చు. మొదట కోటి ఏళ్లు నడిపి అంచు ఎంత పదునుగా వస్తోందో కొలవండి. ఇంకొకటి, వలయం కేంద్రం నక్షత్రం నుంచి పక్కకు జరిగి ఉంది. గ్రహాన్ని వృత్తాకార కక్ష్యలో పెడితే ఆ జరుగుడు రాదు. ఉత్కేంద్రతను, అంటే కక్ష్య వృత్తం నుంచి ఎంత సాగి ఉందో చెప్పే సంఖ్యను, 0.1 దగ్గర మొదలుపెట్టండి.